ముందు సారీ

ఆ వేసవిలో మొదటి ఆదివారం మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి "ముందు సారీ" అన్నాడు. నేను పొయ్యి ఆపేసి, గరిటె పక్కన పెట్టి, ఎంతమంది అని అడిగాను. పద్దెనిమిది మంది అన్నాడు. ఈ ఒక్క ఆదివారమేనా అని అడిగాను. దానికి కూడా "ముందు సారీ" అనే అన్నాడు.

తప్పు చేశాక సారీ చెప్పడం లోకంలో అందరూ చేసే పని. మా ఆయన ముందు సారీ చెప్పేసి, తర్వాత తీరిగ్గా తప్పు చేస్తాడు. చెప్పాను కదా, ఇంకా కోపం ఎందుకంటాడు. పెళ్లైన రోజు మేమిద్దరమే ఉన్నప్పుడు ఈయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అదే. ఎంత అణకువైన మనిషి దొరికాడని మురిసిపోయాను. జీవితానికి సరిపడా ఒకేసారి చెప్పి పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

ఈయన ఒక్కడే ఇలా ఉంటే నా ఖర్మ అనుకుని ఊరుకునేదాన్ని. ఈ ఊళ్లో నలభై దాటి యాభై నిండని ప్రతివాళ్లకీ ఈ జబ్బు ఉంది. పళ్ల డాక్టరు చిగురుకి సూది పొడిచే ముందు "ముందు సారీ" అంటాడు. డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ తన కార్ల వెనకాల ఆ రెండు ముక్కలే ఎర్రరంగుతో రాయించింది. అందరికీ ఒకే చోట అంటుకుంది, ఒకే సినిమా చూసి.

ఆ సినిమాకి ఒక పేరుంది గానీ మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "మన సినిమా" అంటారు. బడి పిల్లల కామెడీ. ఆఖరి బెంచీలో నలుగురు కుర్రాళ్లు, బోర్డు మీద వాళ్ల పేర్లు రాసే మానిటర్ పిల్ల, కళ్లజోడు లేకపోతే గోడకీ గుమ్మానికీ తేడా తెలియని లెక్కల సారు. ముప్పై ఏళ్ల కిందట ఈ ఊళ్లో అప్పుడున్న ఒకే ఒక్క హాల్లో వంద రోజులు ఆడింది. ఆ తర్వాత నిర్మాతలిద్దరూ తగువులాడుకుని కోర్టుకెక్కారు. సినిమా మళ్లీ ఎక్కడా కనపడలేదు, టీవీలో రాలేదు, క్యాసెట్టుగా రాలేదు. కనపడకపోవడం వల్లే అది వీళ్ల బుర్రల్లో అంత పెరిగిపోయిందని నా అనుమానం. మా ఆయన దాన్ని ముప్పై ఒక్కసార్లు చూశాడు. చూడడానికి కుదిరింది, ఎందుకంటే ఆ హాల్లో ఆపరేటరు మా మామయ్యగారే. క్యాబిన్లోకి మాత్రం కొడుకుని ఎప్పుడూ రానివ్వలేదట.

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి మా ముందు గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. జుట్టు నెరిసినవాళ్లు, రంగు వేసుకున్నవాళ్లు, రంగు వేయడానికి జుట్టే మిగలనివాళ్లు. మానిటర్ పిల్ల రిబ్బను ఏ రంగు అనేదాని మీద ఒకసారి గంటసేపు వాదించుకున్నారు. నలుగురు కుర్రాళ్లలో పొట్టివాడు ఇప్పుడు విమానం నడుపుతున్నాడని ఒకరంటే, కాదు పాల వ్యాను నడుపుతున్నాడని ఇంకొకరు. ఒకే ముక్కని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుని, ఇప్పుడే విన్నట్టు నవ్వేవాళ్లు. నేను టీ కలిపి కలిపి ఆ డైలాగులన్నీ వాళ్లకంటే ముందే చెప్పగలిగే స్థితికి వచ్చాను.

చివర్లో అసలు ఘట్టం ఉండేది. పళ్ల డాక్టరు లేచి, తన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, లెక్కల సారు అయ్యేవాడు. మా ఆయన హీరో అయ్యేవాడు. హీరోని వీళ్లు "లాస్ట్ బెంచ్" అంటారు. నలభై ఆరేళ్ల మనిషి పొట్ట లోపలికి లాక్కుని వెళ్లి మా పడగ్గది తలుపు కొట్టేవాడు. డాక్టరు తలుపు తీసి కళ్లు చికిలించి చూసేవాడు. "సారీ సార్" అనేవాడు మా ఆయన. "దేనికిరా?" అనేవాడు డాక్టరు. మా ఆయన జవాబు చెప్పకుండా ఆయన చేతిలో కళ్లజోడు పెట్టి పరిగెత్తేవాడు. పద్దెనిమిది మందీ విరగబడి నవ్వేవాళ్లు.

ఇందులో నవ్వు ఎక్కడుందని మా అమ్మాయి అడిగింది. దానికి పదిహేనేళ్లు, ఆ సినిమాలో పిల్లల వయసే. డ్రైవింగ్ స్కూలావిడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది. ఈ సీను అయిపోయాక, దాని వెనకాల సీన్లో, లాస్ట్ బెంచ్ బళ్లో సారు పాత కళ్లజోడు కొట్టేస్తాడు. అంటే ముందే కొత్తది కొనిచ్చి, సారీ కూడా చెప్పేసి, అప్పుడు కొట్టేశాడన్నమాట. కొత్తది ఇంట్లో దాచుకుని పాతదానితోనే బడికొచ్చే సారుకి, కొత్తది పెట్టుకోక తప్పకుండా చేశాడన్నమాట. అంత తెలివీ అంత ప్రేమా ఒకే కుర్రాడిలో ఎక్కడైనా చూశావా అంటుంటే ఆవిడకి కళ్లు చెమ్మగిల్లాయి. పెట్టుకోండి సార్ అని నోటితో చెబితే సరిపోయేది కదా అంది మా అమ్మాయి. ఆ తర్వాత దాన్ని ఆదివారాలు ముందు గదిలోకి రానివ్వలేదు.

నా బాధ వేరే. నేను ఈ ఊరి దాన్ని కాదు. పదేళ్లప్పుడు మా ఊళ్లో ఆ సినిమా ఒక్కసారి చూశాను. నాకు గుర్తున్నంతవరకు కుర్రాడు ముందు కళ్లజోడు కొట్టేశాడు, సారు మెట్ల మీద తూలి పడ్డాడు, ఆ తర్వాతే కుర్రాడు కొత్తది కొనుక్కెళ్లి తలుపు కొట్టి సారీ చెప్పాడు. పెళ్లైన కొత్తలో భోజనాల దగ్గర ఈ ముక్క అన్నాను. మా ఆయన పకపకా నవ్వి, నిద్రపోయి ఉంటావన్నాడు. వచ్చిన చుట్టాలందరికీ చెప్పాడు. అప్పటినుంచి నేను ఏది చూశానన్నా, ఆఖరికి ఆయన బండి తాళాలు ఫ్రిజ్ మీద పెట్టడం నా కళ్లతో చూశానన్నా, "నిద్రపోయుంటావు" అనడమే. పదిహేడేళ్లు విన్నాను ఆ మాట. విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

ఈ గోలంతా జరుగుతున్నంతసేపూ మామయ్యగారు వెనక వరండాలో నా పని బల్ల దగ్గర కూర్చునేవారు. నాది పుస్తకాల బైండింగ్. ప్రెస్సు నుంచి అచ్చైన పెద్ద కాగితాలు వస్తాయి. ఒక్కోదాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. ఫారాలు వరసగా పేర్చి, కుట్టి, జిగురు రాసి అట్ట వేయాలి. ఒక్క ఫారం ముందూ వెనకా అయితే ఆ పుస్తకం పాడైనట్టే. హాలు నుంచి రిటైరైనప్పటి నుంచీ మడతలన్నీ మామయ్యగారే వేసేవారు. ప్రతి ఫారం మూలా ఎర్ర పెన్సిల్‌తో నంబరు వేసేవారు, పేర్చాక మళ్లీ మొదటి నుంచీ వేలు పెట్టి చూసేవారు. అచ్చులోనే నంబర్లున్నాయి కదా మామయ్యా, మళ్లీ ఎందుకండీ అంటే, "డబ్బా మీద నంబరు నమ్మకూడదమ్మా" అనేవారు. ఏ డబ్బానో నాకు తెలిసేది కాదు. పెద్దాయన చాదస్తంలే అనుకునేదాన్ని.

ఎండలు ముదిరాక ఒకరోజు మా ఆయన పనిలోంచి ఫోను చేశాడు. ఈయన లిఫ్టుల మెకానిక్. ఎవరినో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆపేసి మరీ చేశాడనుకుంటాను, వెనకాల ఎవరో తలుపు బాదుతున్నారు. సినిమా నెగెటివ్ ఏదో గోడౌన్లో దొరికిందట. శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారట. మన హాల్లోనే ఆదివారం మార్నింగ్ షో, లాస్ట్ బెంచ్ వేసినాయన స్వయంగా వస్తున్నాడు, సినిమా అయ్యాక నాన్నకి సన్మానం అన్నాడు. గొంతు వణుకుతోంది. పెళ్లిలో కూడా ఈయన గొంతు వణకలేదు.

సన్మానానికి ఇత్తడి ఫలకం చెక్కించారు. "ముప్పై ఏళ్లు, ఒక్క తప్పూ లేకుండా" అని. ఆ మాట మా ఆయనదే. తన దగ్గర పని నేర్చుకునే వాళ్లందరికీ మొదటి రోజు అదే చెబుతాడు. మా నాన్న ముప్పై ఏళ్లు రీళ్లు వేశాడు, ఒక్క తప్పు చెయ్యలేదు, మనది మనుషుల్ని మోసే పని, మనమెలా చేస్తాం అని. నన్ను ఎంత విసిగించినా, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఈయన మొహం చూడబుద్ధేసేది.

ఫలకం ఇంటికొచ్చిన మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. మామయ్యగారు మడత వేస్తూ వేస్తూ ఆగిపోయారు.

"అమ్మా, ఈ కొత్తదాంట్లో రీళ్ల వరస ఎలా ఉంటుందంటావు?"

"తీసినవాళ్లు ఎలా పెడితే అలా ఉంటుందండీ."

"అయితే తెలిసిపోతుంది" అన్నారు ఆయన, పెన్సిల్ కింద పెట్టి.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చారు. సినిమా వచ్చిన మొదటి రోజు పెట్టె బస్సులో ఆలస్యంగా వచ్చింది. జనం అప్పటికే లోపల కూర్చుని ఈలలు వేస్తున్నారు. ఎనిమిదో రీలు డబ్బా మూత తొమ్మిదో దానికి, తొమ్మిదోది ఎనిమిదోదానికి మారిపోయి ఉంది. లోపల ఫిల్ము మొదట్లో అసలు నంబరు ఉంటుంది, అది చూసి వేయాలి. ఆ తొందరలో చూడలేదు. తొమ్మిది ముందు పడింది, ఎనిమిది వెనక పడింది. కుర్రాడు చేయని తప్పుకి సారీ చెప్పాడు, చెప్పాక తప్పు చేశాడు. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. క్యాబిన్లో మామయ్యగారికి ముచ్చెమటలు పోశాయి. రెండో ఆటకి సరిచేద్దామనుకునేలోగా హాలు యజమాని మెట్లెక్కి వచ్చాడు. ఇంటర్వెల్ తర్వాత నువ్వేం చేశావో నాకు తెలియదు, ఒక్క ముక్క కదిపావంటే ఊరుకోనన్నాడు. వంద రోజులు, రోజుకి నాలుగు ఆటలు.

"మొదటిది పొరపాటమ్మా" అన్నారు మామయ్యగారు. "తర్వాత మూడొందల తొంభై తొమ్మిదీ తెలిసి చేసినవే."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. జాలి పడాల్సిన సమయం. నాకు మాత్రం ముందు తోచింది ఒక్కటే, నేను నిద్రపోలేదు.

"ఆ రోజు భోజనాల దగ్గర మీరూ ఉన్నారు" అన్నాను.

"ఉన్నాను" అన్నారు.

నేను లోపలికి వెళ్లిపోయి, కడిగిన కప్పులే మళ్లీ కడిగాను. గట్టిగా చప్పుడయ్యేలా కడిగాను. పదిహేడేళ్లు ఈ మనిషికి వేళకి మందులిచ్చాను, కంటి ఆపరేషనప్పుడు చెయ్యి పట్టుకుని నడిపించాను. ఒక్క మాట, "కాదురా, ఆ అమ్మాయి చెప్పింది నిజమే" అన్న ఒక్క మాట ఆయన దగ్గరుంది, అనలేదు. కప్పులయ్యాక మళ్లీ వరండాలోకి వచ్చాను. ఆయన అదే చోట, అదే కాగితం పట్టుకుని కూర్చున్నారు. కొడుకు మొహం తలుచుకుంటున్నారని తెలిసిపోయింది. హాలువాళ్లని అడిగి ఆ రెండు రీళ్లూ అటూ ఇటూ చేయించడం కుదురుతుందేమో కనుక్కోమన్నారు.

నేను చెప్పిందే నిజమని ఊరంతటికీ రుజువయ్యే రోజు కోసం పదిహేడేళ్లు ఎదురుచూసినదాన్ని, ఆ రుజువు కనపడకుండా చేయమని అడగడానికి ఎండలో బయల్దేరాను. నా తెలివి అలా ఏడిసింది. హాల్లో ఇప్పుడు ఆపరేటరు ఒక అమ్మాయి. చల్లటి గదిలో బీరువా అంత యంత్రం చూపించింది. రీళ్లు లేవండీ, సినిమా మొత్తం ఒకటే ఫైలు, తాళం పడి వస్తుంది, ముందూ వెనకా చేయడం మా చేతుల్లో లేదంది. మడత వేసి, కుట్టి, అట్ట కూడా వేసేసిన పుస్తకం అన్నమాట. ఇంక విప్పేది లేదు.

అయితే ఆదివారంలోగా మీరే అబ్బాయికి చెప్పేయండి అన్నాను మామయ్యగారితో. ఆయన ప్రయత్నించారు. మొదటిసారి మా ఆయన ఫోన్లో బ్యానరు అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలో చెబుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. రెండోసారి "ముందు సారీ నాన్నా, ఈ వారం అస్సలు తీరిక లేదు, ఆదివారం అయ్యాక కూర్చుని వింటా" అన్నాడు. ఇంక లాభం లేదని నేనే మొదలుపెట్టాను. ఆ సీను వరస గురించి ఒక మాట చెప్పాలండీ అన్నానో లేదో, నిద్రపోయానని ఒప్పుకోవడానికి ఇంత డొంకతిరుగుడు ఎందుకన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోనీ, మీరే చూసి తెలుసుకోండి అనుకుని నోరు మూసుకున్నాను. ఆ పంతానికి పోకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆదివారం హాలు నిండిపోయింది. లాస్ట్ బెంచ్ వేసినాయన ముందు వరసలో కూర్చున్నాడు. బట్టతల, మెడలో ఈల. ఇప్పుడు ఏదో బళ్లో ఆటల మాస్టారట, మెడలోంచి ఈల తీయడం మర్చిపోయి వచ్చాడు. ఆ ఒక్క సినిమా తర్వాత ఇంకెందులోనూ వేయలేదు. మామయ్యగారు నా పక్కన, ఇస్త్రీ చొక్కాలో, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

ఇంటర్వెల్ దాకా అందరూ డైలాగులు ముందే అరుస్తూ, ఏడుస్తూ, నవ్వుతూ చూశారు. ఇంటర్వెల్ అయ్యాక తెర మీద తలుపు కొట్టే సీను రావాలి. హాలంతా "సారీ సార్" అనడానికి ఊపిరి బిగబట్టింది. రాలేదు. కుర్రాడు కళ్లజోడు కొట్టేశాడు. సారు తడుముకుంటూ మెట్ల మీద పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత కుర్రాడు భయం భయంగా తలుపు కొట్టాడు. సారు "దేనికిరా?" అన్నాడు. దేనికో అందరికీ తెలుసు. మామూలు సీను.

వెనకాల ఎవరో "ఆపరేటర్" అని అరిచారు. ఇంకో పదిమంది అందుకున్నారు. మా ఆయన అప్పటికే లేచి క్యాబిన్ మెట్ల వైపు పరిగెడుతున్నాడు. మామయ్యగారు లేచి, కుర్చీల వీపులు పట్టుకుంటూ ఆయన వెనకే వెళ్లారు. నేను మామయ్యగారి వెనక.

మేము వెళ్లేసరికి మా ఆయన ఆ అమ్మాయి మీద విరుచుకుపడుతున్నాడు. చూసుకుని వేయాలని తెలియదా, ఇదే గదిలో మా నాన్న ముప్పై ఏళ్లు పనిచేశాడు, ఒక్క రోజు ఒక్క రీలు తేడా రాలేదు అంటున్నాడు. ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మామయ్యగారికి మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"ఆ అమ్మాయిని ఏమీ అనకురా. ఇదే అసలు వరస. అప్పుడు నేనే మార్చి వేశాను."

మా ఆయనకి ఒక నిమిషం అర్థం కాలేదు.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"వంద రోజులూ."

"ఇన్నేళ్లూ మేమంతా నవ్వుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

మా ఆయన మెట్లు దిగి, తెర వైపు చూడకుండా, తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు. మామయ్యగారిని నేనే చెయ్యి పట్టుకుని దింపాను. సన్మానం జరగలేదు. పళ్ల డాక్టరు ఫలకాన్ని పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టి, ఏదో అనబోయి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. ఒకరు భోజనం చేసి లేచాక ఇంకొకరు వచ్చి కూర్చునేవారు. ఆదివారం ఎవరూ రాలేదు. ముందు గది మొత్తం నాదే. ఎన్ని ఆదివారాలు కోరుకున్నాను ఆ నిశ్శబ్దం, తీరా వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు. అన్నిటికంటే బాధ కలిగించింది మామయ్యగారు పని మానేయడం. నా మీద నమ్మకం పెట్టుకోకమ్మా, మడతలు ఇంకెవరి చేతనైనా వేయించుకో అన్నారు. ఎర్ర పెన్సిల్ బల్ల సొరుగులో పడేశారు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఒళ్లో చేతులు పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేవారు. ఇద్దరి మీదా నాకు పట్టరాని కోపం వచ్చేది. ఒక సినిమా, అందులో రెండు రీళ్లు, వాటి కోసం ఇంతమంది పెద్దవాళ్లు.

పదో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే ఆటల మాస్టారు, మెడలో ఈలతో. మా ఆయన కంచం ముందు ఉన్నాడు. ఆయన్ని చూసి చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. మాస్టారు ఆపరేటరు గారు ఎక్కడున్నారని అడిగి, నేరుగా వరండాలోకి వెళ్లాడు. మామయ్యగారు కంగారుగా నిలబడి, క్షమించమనబోయారు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి, తనూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఆ రోజు హాల్లో తన చుట్టూ అందరూ తిట్టుకుంటుంటే, ఈ ఊళ్లో సినిమా ఎలా ఆడిందో అప్పుడు తెలిసిందట. పది రోజులుగా అదే ఆలోచిస్తున్నాడట.

"మిగతా ఊళ్లన్నిట్లో నేను దొంగతనం చేసి, భయపడి సారీ చెప్పిన కుర్రాణ్ణండీ" అన్నాడు. "మీ ఊళ్లో ఒక్కచోటే మంచివాణ్ణి. ఒకసారి మీ చేతులు చూద్దామని వచ్చాను."

"తప్పు తప్పే కదా బాబూ" అన్నారు మామయ్యగారు.

"తప్పే. కాదనడం లేదు."

ఆ తర్వాత రెండు ప్రొజెక్టర్ల మధ్య రీలు ఎలా మార్చేవారో అడిగాడు. మామయ్యగారు మొదట ముక్తసరిగా చెప్పారు. కాసేపటికి చేతులు లేచాయి. తెర మూల ఎక్కడ చుక్క కనపడుతుందో, ఆ చుక్కకీ రెండో చుక్కకీ మధ్య ఎన్ని సెకన్లో, ఒక కాలు ఎక్కడ పెట్టి ఏ చేత్తో ఏ మీట తిప్పాలో అంతా గాల్లో చేసి చూపించారు. పదిహేడేళ్లలో ఆ పని గురించి ఆయన ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడగా నేను వినలేదు. మా ఆయన గుమ్మం పక్కన, ఎండిపోయిన చేత్తో, మాస్టారు వెళ్లేదాకా అలాగే నిలబడి విన్నాడు.

మర్నాడు పొద్దున నేను అట్టలకి జిగురు రాస్తున్నాను. బల్లకి అటు చివర మామయ్యగారు ఖాళీగా కూర్చుని ఉన్నారు. మా ఆయన పనికి తయారై, బ్యాగు భుజాన వేసుకుని వరండాలోకి వచ్చాడు. బయటి తలుపు ఆ వైపు కాదు.

"ముందు..." అని ఆగిపోయాడు. "సారీ నాన్నా."

మామయ్యగారు తలెత్తి చూశారు. "దేనికిరా?"

ఆయన సినిమా గుర్తుపెట్టుకుని అనలేదు. తోచింది అడిగారు, అంతే. మా ఆయన మొహం మాత్రం ఒక్క క్షణం పదహారేళ్ల కుర్రాడి మొహం అయింది. సినిమాలో కుర్రాడు ఇక్కడ జవాబు చెప్పకుండా పారిపోతాడు. మా ఆయన పారిపోలేదు.

"ఆ రోజు నిన్ను ఆ మెట్ల పైన వదిలేసి వెళ్లిపోయినందుకు" అన్నాడు.

మామయ్యగారు నా వైపు చూపించారు.

"నాకు కాదురా. ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెబితే నిద్రపోయావన్నావు. పక్కనే ఉండి నేను నోరెత్తలేదు. చెప్పాల్సింది మనిద్దరం."

ఇద్దరూ నా ముందు నిలబడ్డారు. ఒకరి తర్వాత ఒకరు చెప్పారు, ముందు పెద్దాయన, తర్వాత చిన్నాయన. పదిహేడేళ్లుగా ఈ సమయానికి ఏమనాలో ఎన్ని రకాలుగానో తయారుచేసి పెట్టుకున్నాను, అందులో ఒక్కటీ నోటికి రాలేదు. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి. రెండు చేతులకీ జిగురు, తుడుచుకోవడానికి కూడా లేదు. సరే సరే, ఇంక పని చూడండి అని మాత్రం అనగలిగాను.

మా ఆయన తన రుమాలు తీసి నా మొహం తుడిచాడు. మామయ్యగారు సొరుగు తెరిచి ఎర్ర పెన్సిల్ తీసుకుని, నా ముందున్న ఫారాల దొంతర తన వైపుకి లాక్కున్నారు. నంబరు వేసిన ఫారాలు గాలికి ఎగరకుండా ఏదైనా బరువు ఇమ్మన్నారు. పేపర్లో చుట్టి ఉన్న ఇత్తడి ఫలకం చేతికి దొరికింది. ఆయన దాన్ని విప్పి, ఒకసారి చదివి, అక్షరాలు కిందికి వచ్చేలా బోర్లా పెట్టుకున్నారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది.

నిజం చెప్పాలంటే, పదేళ్లప్పుడు మా ఊరి హాల్లో ఆ సినిమా చూస్తూ రెండో పాట దగ్గర నేను కాస్త కునుకు తీశాను. ఆ సంగతి వాళ్లిద్దరికీ చెప్పలేదు. చెప్పను కూడా.